రీసెట్ నియమాలు (గణిత నమూనా భాషలు)

గణిత నమూనా భాషలలో రీసెట్ నియమం అనగా, ఒక నిర్ణీత సమయాన గాని, ఒక నిర్ణీత షరతు నెరవేరినప్పుడు గాని, ఒక చరరాశికి అప్పటివరకు ఉన్న విలువను తొలగించి కొత్త విలువను ఇచ్చే నిబంధన. దీనిని తెలుగులో పునఃస్థాపన నియమం అనవచ్చును. సమీకరణాలను అనుసరించి చరరాశి విలువ క్రమక్రమంగా మారుతుంది. రీసెట్ వలన అది ఒక్కసారిగా మారుతుంది. ఆ క్షణంతో చరరాశికి తన గతంతో ఉన్న సంబంధం పూర్తిగా గాని, కొంతవరకు గాని తెగిపోతుంది. కాబట్టి దేనిని రీసెట్ చేయాలి, దేనిని అలాగే కొనసాగనివ్వాలి, ఏ తేదీన చేయాలి అన్న నిర్ణయాలను బట్టి ఒకే నమూనా వేర్వేరు జవాబులు ఇస్తుంది. జహీరాబాదు పరిసరాలలోని నల్లరేగడి నేలలలో పండే రబీ జొన్న దీనికి చక్కని ఉదాహరణ. ఆ వివరం ఈ వ్యాసం చివరి భాగంలో ఉంది.

ప్రాథమిక భావన

పాఠశాల బీజగణితంలో "క్ష = క్ష + 1" అనే సమీకరణానికి సాధన లేదు. కంప్యూటరు భాషలు నేర్చుకోవడం మొదలుపెట్టిన విద్యార్థులు ఇక్కడే తికమకపడతారు. ఆ భాషలలో ఇది సమీకరణం కాదు, ఒక ఆజ్ఞ: క్ష యొక్క పాత విలువకు 1 కలిపి, వచ్చిన దానిని క్ష యొక్క కొత్త విలువగా ఉంచమని అర్థం. ఈ భేదం స్పష్టంగా కనబడడానికి రీసెట్‌ను బాణం గుర్తుతో "క్ష ← క్ష + 1" అని వ్రాస్తారు. బాణానికి కుడివైపున ఉన్నది రీసెట్‌కు ముందరి విలువ, ఎడమవైపున ఉన్నది తరువాతి విలువ. కలన గణితం చదివినవారు వీటిని ఎడమ అవధి, కుడి అవధి అని గుర్తించగలరు. సంఘటన జరిగిన క్షణాన ఈ రెండూ సమానం కావు. అక్కడ ప్రమేయం అవిచ్ఛిన్నం కాదు.

రీసెట్‌లో ముఖ్యంగా రెండు రకాలు కనబడతాయి. మొదటిది "క్ష ← 0" వంటిది. ఇందులో పాత విలువ ఎంత ఉన్నా కొత్త విలువ ఒకటే, గతం పూర్తిగా చెరిగిపోతుంది. రెండవది "క్ష ← క్ష + 8" వంటిది. ఇందులో పాత విలువ కొత్త విలువలో భాగంగా మిగిలి ఉంటుంది. ఈ రెండు రకాలూ ఒకే చోట కనిపించే ప్రసిద్ధ నమూనా, యూజీన్ ఇజికేవిచ్ 2003లో ప్రచురించిన నాడీకణ నమూనా. నాడీకణం లోపలి, వెలుపలి విద్యుత్ పొటెన్షియళ్ల తేడా 30 మిల్లీవోల్టులకు చేరగానే దానిని ఒక స్థిర విలువకు (సాధారణంగా −65 మిల్లీవోల్టులు) దించుతారు. అదే క్షణాన, కణం కోలుకోవడాన్ని సూచించే మరొక చరరాశికి ఒక స్థిరాంకాన్ని (ఉదాహరణకు 8) కలుపుతారు. మొదటి చరరాశి ప్రతి స్పందనతోనూ గతాన్ని మరచిపోతుంది. రెండవది స్పందనల లెక్కను మోసుకుపోతుంది. వరుసగా స్పందించిన నాడీకణం క్రమంగా నెమ్మదించడానికి ఈ రెండవ చరరాశియే కారణం. దానిని కూడా ప్రతిసారీ ఒకే స్థిర విలువకు రీసెట్ చేస్తే ఆ నెమ్మదించే గుణం నమూనాలో కనబడదు.

ఇక్కడ ఒక చిన్న చిక్కు కలదు. కంప్యూటరు కాలాన్ని చిన్నచిన్న అంగలుగా విభజించి లెక్కిస్తుంది. అందువలన పొటెన్షియల్ 30 దాటిన సంగతి తెలిసేటప్పటికి అది 31 కావచ్చును, 45 కావచ్చును. రెండు సందర్భాలలోనూ రీసెట్ తరువాత −65 మాత్రమే. ఎంత దాటింది అన్న సమాచారం పోతుంది. అంగ పొడవు ఎక్కువైతే ఈ నష్టం కూడా పెరుగుతుంది.

వివిధ భాషలలో రీసెట్

యంత్రాలు, విద్యుత్ పరికరాలు, ఉష్ణ వ్యవస్థల నమూనాలకు వాడే మోడెలికా భాష మొదటి రూపం 1997లో వెలువడింది. ఈ భాషలో రీసెట్ చేయడానికి "రీఇనిట్" అనే ప్రక్రియ ఉంది. దీనిని "వెన్" అనే షరతు భాగంలోనే వాడాలి. అంతేకాక, ఇది స్థితి చరరాశులకు మాత్రమే వర్తిస్తుంది. స్థితి చరరాశి అనగా అవకలన సమీకరణం ద్వారా మారుతూ, తన గతాన్ని తనలో నిలుపుకునే చరరాశి. ఇతర చరరాశుల నుండి ఆ క్షణానికి ఆ క్షణం లెక్కకు వచ్చే చరరాశిని రీసెట్ చేయడం కుదరదు, ఎందుకనగా దానికంటూ సొంత గతం లేదు. ఉదాహరణకు నేలలోని తేమ స్థితి చరరాశి అయితే, ఆ తేమను బట్టి లెక్కగట్టే "మొక్కకు నీటి ఎద్దడి" స్థితి చరరాశి కాదు. తేమను రీసెట్ చేస్తే ఎద్దడి తనంతట తానే మారుతుంది.

మోడెలికా నేర్చుకునేవారికి సాధారణంగా చెప్పే ఉదాహరణ ఎగిరే బంతి. బంతి నేలను తాకిన క్షణాన దాని వేగాన్ని "వే ← −0.5 × వే" అని రీసెట్ చేస్తారనుకుందాం. ఎత్తును రీసెట్ చేయరు. ఎత్తు అవిచ్ఛిన్నంగానే ఉంటుంది, వేగం మాత్రం దిశ మార్చుకుని సగమవుతుంది. గురుత్వ త్వరణాన్ని 10గా తీసుకుని 5 మీటర్ల ఎత్తు నుండి వదిలితే, మొదటిసారి నేలను తాకడానికి 1 సెకను పడుతుంది. తరువాతి ఎగురులకు వరుసగా 1, 1/2, 1/4 సెకన్లు పడతాయి. ఈ గుణశ్రేఢి మొత్తం 2 సెకన్లు. అనగా 3 సెకన్లలోపు బంతి అనంతమైన సార్లు నేలను తాకుతుంది! ప్రాచీన గ్రీకు తత్త్వవేత్త పేరు మీదుగా దీనిని జీనో ప్రవర్తన అంటారు. కంప్యూటరుకు అన్ని రీసెట్లు చేయడం సాధ్యం కాదు. ఒక దశలో ఎత్తు సున్నా కంటే రవ్వంత తక్కువై, "ఎత్తు సున్నాకు చేరింది" అన్న షరతు సత్యంగానే ఉండిపోతుంది. షరతు కొత్తగా సత్యం కాలేదు గనుక రీసెట్ జరగదు, బంతి నేలలోనికి దిగిపోతుంది. దీనిని నివారించడానికి, వేగం మరీ తక్కువైనప్పుడు బంతి నేలపై నిలిచిపోయినట్లు తెలిపే మరొక చరరాశిని చేరుస్తారు.

జీవరసాయన నమూనాలకు వాడే ఎస్‌బీఎంఎల్ భాష తొలి రూపం 2001లో వచ్చింది. రీసెట్‌కు వీలు కల్పించే "సంఘటనలు" 2003 నాటి రెండవ స్థాయిలో చేరాయి. ఇందులోనూ షరతు అసత్యం నుండి సత్యానికి మారిన క్షణాన మాత్రమే సంఘటన జరుగుతుంది. ఒక సంఘటనలో అనేక చరరాశులకు కొత్త విలువలు ఇవ్వవలసి ఉంటే, ముందుగా కుడివైపు విలువలన్నిటినీ లెక్కకట్టి, తరువాత అన్నిటినీ ఒకేసారి మారుస్తారు. కాబట్టి "అ ← ఆ, ఆ ← అ" అని వ్రాస్తే రెండు విలువలూ తారుమారవుతాయి. ఒకదాని తరువాత ఒకటిగా అమలు చేసే సాధారణ భాషలలో ఇలా వ్రాస్తే రెండింటికీ ఆ యొక్క విలువే మిగులుతుంది. సంఘటనకు ఆలస్యం కూడా పెట్టవచ్చును. అప్పుడు షరతు నెరవేరిన నాటి విలువలు తీసుకోవాలా, అమలు జరిగే నాటి విలువలా అన్నది నమూనా వ్రాసేవారు చెప్పాలి. నియమ సమీకరణం ద్వారా ఎల్లప్పుడూ నిర్ణయమయ్యే చరరాశిని సంఘటన ద్వారా మార్చడానికి ఈ భాష అనుమతించదు. ఒకే చరరాశికి ఇద్దరు యజమానులు ఉండరాదని దీని భావం.

రీసెట్ చేయని చరరాశి కూడా ఒక్కొక్కసారి మారుతుంది. ఎస్‌బీఎంఎల్‌లో ఒక పాత్ర ఘనపరిమాణాన్ని సంఘటన ద్వారా రెట్టింపు చేస్తే, అందులోని పదార్థపు పరిమాణం మారదు, గాఢత సగమవుతుంది. గాఢతను ఎవరూ ముట్టుకోలేదు. కాని అది పరిమాణాన్ని ఘనపరిమాణంతో భాగించగా వచ్చేది కాబట్టి దానంతట అదే తగ్గింది. నమూనాలలో దొర్లే తప్పులలో ఇటువంటివి పట్టుకోవడం కష్టం.

ఆంపుల్ భాష స్వభావం వేరు. ఇది గరిష్ఠ, కనిష్ఠ విలువలను కనుగొనే సమస్యలకు ఉద్దేశించినది. బెల్ ప్రయోగశాలలలో రాబర్ట్ ఫోరర్, డేవిడ్ గే, బ్రయన్ కెర్నిఘన్ 1985లో దీనిని రూపొందించారు. ఇందులో రీసెట్ అనేది కాలంతోపాటు నడిచే నియమం కాదు, వినియోగదారుడు ఇచ్చే ఆజ్ఞ. "రీసెట్" అంటే నమూనా, దత్తాంశం రెండూ పోతాయి. "రీసెట్ డేటా" అంటే నమూనా ఉంటుంది, దత్తాంశం పోతుంది. "అప్‌డేట్ డేటా" అంటే కొత్తగా ఇచ్చిన విలువలు మాత్రమే మారి మిగిలినవి పాతవే ఉంటాయి. ఈ మూడవదానితో జాగ్రత్త అవసరం: కొత్త దత్తాంశంలో ఒక పంట ధర వ్రాయడం మరచిపోతే, భాష తప్పు చూపదు, నిరుటి ధరతోనే లెక్క చేస్తుంది. యాదృచ్ఛిక ప్రమేయంతో నిర్వచించిన పరామితి ఒకసారి తీసుకున్న విలువనే పట్టుకుని ఉంటుంది. కొత్త విలువ కావాలంటే దానిని రీసెట్ చేయాలి. అలాగే ఒకసారి సాధించిన తరువాత చరరాశులు ఆ సాధన విలువలనే నిలుపుకుని, తరువాతి సాధనకు అక్కడి నుండే బయలుదేరుతాయి. సరళరేఖా సమస్యలలో దీనివలన ఉత్తమ విలువ మారదు. వక్ర సమస్యలలో బయలుదేరిన చోటును బట్టి వేరొక స్థానిక గరిష్ఠానికి చేరే అవకాశం ఉంది.

గడియారాలు, నిర్ణేయత

రీసెట్ నియమాలకు సైద్ధాంతిక ప్రాముఖ్యం కూడా కలదు. రాజీవ్ ఆలూర్, డేవిడ్ డిల్ 1990లో ప్రతిపాదించిన కాలబద్ధ ఆటోమేటాలలో చరరాశులన్నీ గడియారాలే. అన్నీ ఒకే వేగంతో నడుస్తాయి, వాటిని సున్నాకు రీసెట్ చేయవచ్చును. ఇటువంటి వ్యవస్థ ఒక ప్రమాదకర స్థితికి చేరగలదా లేదా అన్న ప్రశ్నకు కంప్యూటరు ఎల్లప్పుడూ ఖచ్చితంగా జవాబు చెప్పగలదని వారు నిరూపించారు. చరరాశులు వేర్వేరు వేగాలతో మారే సంకర వ్యవస్థలలో ఇది సాధారణంగా సాధ్యం కాదు. థామస్ హెన్జింగర్, పీటర్ కోప్కే, అనుజ్ పురి, ప్రవీణ్ వరైయా 1995లో ఒక సరిహద్దును చూపారు. దీర్ఘచతురస్రాకార ఆటోమేటాలు అనే తరగతిలో, ఒక చరరాశి మారే వేగపు హద్దులు మారిన ప్రతిసారీ ఆ చరరాశిని తప్పక రీసెట్ చేయాలన్న నిబంధన ఉంటే ప్రశ్న నిర్ణేయం. ఆ నిబంధనను సడలిస్తే అనిర్ణేయం. గతాన్ని మరచిపోవడమే ఇక్కడ లెక్కను సాధ్యం చేస్తున్నది. అయితే పొలానికి ఈ సౌలభ్యం లేదు.

మెట్ట పంటల నమూనాలు

హైదరాబాదు నుండి జహీరాబాదుకు పోయే జాతీయ రహదారిపై పటాన్‌చెరు వద్ద 1972లో స్థాపించబడిన ఇక్రిశాట్ సంస్థ ఉంది. మెట్ట ప్రాంతాల పంటలైన జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగలపై ఇది పరిశోధన చేస్తుంది. పంటల కంప్యూటరు నమూనాల చరిత్రలో ఈ ఊరికి స్థానం ఉంది. నమూనాలకు కనీసంగా ఏయే దత్తాంశాలు కావాలన్న విషయమై 1983 మార్చిలో ఒక అంతర్జాతీయ సదస్సు ఇక్కడ జరిగింది. ఆ కృషి నుండి వచ్చిన డీఎస్‌శాట్ అనే నమూనాల సముదాయం 1989లో విడుదలైంది. ఆస్ట్రేలియాలో రూపొందిన ఏప్సిమ్ అనే మరొక వ్యవస్థలోని పప్పుధాన్యాల నమూనాల విషయంలో కూడా ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు అక్కడివారితో కలసి పనిచేశారు.

ఈ రెండింటిలోనూ రీసెట్ ప్రశ్న నేరుగా ఎదురవుతుంది. డీఎస్‌శాట్‌లో రెండు విధానాలు ఉన్నాయి. ఋతు విశ్లేషణలో ప్రతి సంవత్సరమూ నేల స్థితిని ఒకే ఆరంభ విలువకు తెచ్చి పంటను మొదలుపెడతారు. వరుస విశ్లేషణలో ఒక పంట వదలిన నీరు, నత్రజని తరువాతి పంటకు అందుతాయి. ఏప్సిమ్‌లో ఒక నిర్ణీత తేదీన గాని, విత్తే రోజున గాని నేలలోని నీటిని, నత్రజనిని, నేలపైనున్న పంట వ్యర్థాలను రీసెట్ చేసే నియమాలు సిద్ధంగా దొరుకుతాయి. మూడింటిలో ఏది కావాలో విడివిడిగా ఎంచుకోవచ్చును.

దక్కను నల్లరేగడి నేలలలో ఒక పాత ఆచారం ఉంది. వానాకాలంలో పొలాన్ని ఖాళీగా ఉంచి, తేమను నేలలో నిలవ చేసి, వానలు వెనుకబడిన తరువాత ఆ తేమతోనే జొన్న గాని శనగ గాని పండిస్తారు. జహీరాబాదు చుట్టుపక్కల రేగడి పొలాలకు కూడా ఇది కొత్త కాదు. వానాకాలంలో పొలాన్ని ఖాళీగా వదలకుండా రెండు పంటలు తీయవచ్చునని ఇక్రిశాట్ 1970ల నుండి పరిశోధనలు చేసి, ఎత్తు మడులు, కాలువల పద్ధతిని ప్రచారం చేసింది. రైతు ముందున్న ప్రశ్న ఇది: ఖరీఫ్‌లో పెసర వేస్తే అది తాగే నీటి వలన వెనుక వచ్చే జొన్నకు ఎంత నష్టం?

ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. నేల నిలుపుకోగల తేమ 200 మి.మీ. అనుకుందాం. జూన్ 1న ఉన్న తేమ 20 మి.మీ. మంచి సంవత్సరంలో నేలలోనికి ఇంకే వాన 260 మి.మీ., చెడ్డ సంవత్సరంలో 130 మి.మీ. ఖాళీ పొలం నుండి ఆవిరయ్యేది 60 మి.మీ., పెసర వేసిన పొలంలో ఆవిరితో కలిపి ఖర్చయ్యేది 110 మి.మీ. అప్పుడు అక్టోబరు 1న, జొన్న విత్తే నాటికి, మంచి సంవత్సరంలో ఖాళీ పొలంలో 220 మి.మీ. రావాలి. కాని నేల పట్టేది 200 మాత్రమే, మిగిలిన 20 కిందికి దిగిపోతుంది. పెసర వేసిన పొలంలో 170 మి.మీ. ఉంటుంది. చెడ్డ సంవత్సరంలో ఖాళీ పొలంలో 90, పెసర పొలంలో 40 మి.మీ. ఉంటాయి. మంచి సంవత్సరంలో పెసర వలన జొన్నకు పోయినది 30 మి.మీ. మాత్రమే. చెడ్డ సంవత్సరంలో పోయినది 50 మి.మీ., అది కూడా 90లో నుండి.

ఇప్పుడు ఇదే నమూనాకు ఒక్క నియమం చేర్చుదాం: "అక్టోబరు 1న, తేమ ← 200". నాలుగు సందర్భాలలోనూ జొన్న 200 మి.మీ. తేమతోనే మొదలవుతుంది. పెసర వలన జొన్నకు నష్టం సున్నా, మంచి సంవత్సరానికీ చెడ్డ సంవత్సరానికీ తేడా సున్నా. నమూనా రెండు పంటలూ ఎల్లప్పుడూ లాభమేనని చెబుతుంది. సమీకరణాలలో తప్పు లేదు, వాతావరణ దత్తాంశంలో తప్పు లేదు. ప్రశ్నకు జవాబు దాగి ఉన్న చరరాశినే నియమం చెరిపివేసింది. ఇటువంటి ఫలితాన్ని నమ్మి చెడ్డ సంవత్సరంలో పెసర వేసిన రైతుకు జొన్న ఎండిపోతుంది.

అదే నియమాన్ని "జూన్ 1న, తేమ ← 20" అని మార్చితే దాదాపు ఏ హానీ లేదు. రబీ పంట తేమను పీల్చివేసిన తరువాత, మండు వేసవి గడిచాక, ఆ నేలలో ఎటూ అంతే మిగులుతుంది. చరరాశి ఒకటే, రీసెట్ కూడా ఒకటే, తేదీ మాత్రమే వేరు. మెట్ట సేద్యపు నమూనాలలో రీసెట్ తేదీని ఎన్నుకునేటప్పుడు, ఆ తేదీన ఆ చరరాశి ఏటేటా సహజంగా ఎంత మారుతుందో ముందు చూడాలి. తక్కువ మారే రోజున చేసే రీసెట్ తక్కువ సమాచారాన్ని పోగొడుతుంది. అయితే ఈ తర్కం తేమకు సరిపోయినంతగా నత్రజనికి సరిపోదు. పెసర, కంది వంటి పప్పుజాతి పంటల వలన నేలకు చేరే నత్రజని వేసవిలో పూర్తిగా మాయం కాదు. జూన్‌లో నత్రజనిని కూడా రీసెట్ చేస్తే పప్పుజాతి పంటల వలన తరువాతి పంటకు కలిగే మేలు లెక్కలోనికి రాదు.

రీసెట్ అసలు వద్దని దీని అర్థం కాదు. రెండు జొన్న రకాలను 30 సంవత్సరాల వాతావరణంపై పోల్చాలనుకుంటే, ప్రతి ఏటా ఒకే ఆరంభ స్థితి నుండి మొదలుపెట్టడం న్యాయం. లేకపోతే ఒక రకం ఒక ఏడు ఎక్కువ నీరు తాగి, మరుసటి ఏటి తన ఫలితాన్ని తానే చెడగొట్టుకుంటుంది, అప్పుడు ఏ తేడా దేని వలన వచ్చిందో విడదీయడం కష్టం. రీసెట్ లేకుండా చాలా సంవత్సరాలు నడిపితే, నత్రజని వంటి రాశులలోని చిన్న దోషాలు పేరుకుని నేల క్రమంగా నిస్సారమైనట్లు చూపవచ్చును. ఆ తరుగుదల నిజమైనదా, నమూనా దోషమా అన్నది దీర్ఘకాల క్షేత్ర ప్రయోగాలతో పోల్చి చూస్తేగాని తెలియదు. రకాల పోలికకు రీసెట్, పంటల వరుసల పోలికకు కొనసాగింపు అన్నది స్థూలంగా పాటించదగిన పద్ధతి.

రీసెట్ వలన ద్రవ్య నిత్యత్వం కూడా చెడుతుంది. పై ఉదాహరణలో చెడ్డ సంవత్సరపు పెసర పొలంలో తేమను 40 నుండి 200 మి.మీ.కు పెంచడమంటే, ఎక్కడినుండో 160 మి.మీ. నీరు తెచ్చి పోసినట్లే. ఇది ఎకరానికి సుమారు 6.5 లక్షల లీటర్లు. కురిసిన వాన, ఆవిరి, పారుదల, నిల్వల జమాఖర్చు వేస్తే ఈ మొత్తం తేడాగా బయటపడుతుంది. అందువలన రీసెట్ జరిగిన ప్రతిసారీ, ముందరి విలువకు తరువాతి విలువకు గల తేడాను ఒక ప్రత్యేక చరరాశిలో కూడుతూ పోవడం మంచి అలవాటు. ఆ చరరాశిని మాత్రం నమూనా నడిచినంతకాలం రీసెట్ చేయరాదు.